నిలబడి కొలిచిన రక్తపోటు

రక్తపోటుకూ మధుమేహానికీ ఏళ్ళ తరబడి మందులు వాడేవారిలో కొందరికి తెల్లవారి మంచం దిగగానే రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. పడుకున్నప్పుడు 150 ఉన్న పై అంకె నిలబడిన రెండు నిమిషాల్లో 110కి దిగవచ్చు. కళ్ళు బైర్లు కమ్ముతాయి, తల తిప్పుతుంది, కాళ్ళు తేలిపోతాయి. గోడ పట్టుకుని కాసేపు ఆగితే సర్దుకుంటుంది, లేకపోతే పడిపోతారు. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ నిలబడిన మూడు నిమిషాల్లోపు తగ్గితే దాన్ని నిలువు రక్తపోటు పతనంగా లెక్కించాలని 1996లో వైద్యనిపుణుల సంఘాలు ఒప్పుకున్నాయి. అంకెల్లో నిర్వచనం అప్పుడే కుదిరినా బాధ అంతకన్నా చాలా పాతది. రక్తపోటు మందుల చరిత్ర పొడుగునా అది వెంట నడుస్తూనే వచ్చింది.

ఆ చరిత్రను ఇక్కడ మూడు ఊళ్ళ వైపు నుంచి చూద్దాం. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం బెంగళూరుకు పోయే ఒకే రైలు దారి మీద వరుసగా ఉన్న ఊళ్ళు. మూడూ నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోవి. 2022 ఏప్రిల్ 4న ఈ జిల్లా ఏర్పడేదాకా అవి అనంతపురం జిల్లాలో ఉండేవి. ధర్మవరం పట్టుచీరల మగ్గాల ఊరు. పెనుకొండ 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిగా చేసుకున్న కొండకోట. హిందూపురం చింతపండు, బెల్లం, పట్టుగూళ్ళ బేరం నడిచే సంత పట్టణం. ఈ సీమలో వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఎండలకూ ఉదయపు తలతిప్పుడికీ ఉన్న సంబంధం ఈ చరిత్రలో మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

ఇక్కడి వాడుక మాటలోనే ఒక విశేషం ఉంది. ‘ఆయనకు బీపీ ఉంది’ అంటే ఎక్కువ ఉందనే అర్థం. పుస్తకాల మాట ‘రక్తపోటు’లో కూడా పోటు ఉంది గానీ ఆటు లేదు. సముద్రానికి ఆటుపోట్లు రెండూ చెప్పే భాష రక్తానికి వచ్చేసరికి ఒక్క పోటునే పేరుగా పెట్టుకుంది. పోటు తగ్గడం కూడా జబ్బే కావచ్చుననే ఊహ జనంలోకి ఆలస్యంగా దిగింది. దిగినప్పుడు కూడా ‘లో బీపీ’ అనే అరువు మాటతోనే దిగింది.

రక్తపోటును తేలిగ్గా కొలవడం 1896లో ఇటలీలోని టురిన్ నగరంలో మొదలైంది. షిపియోనే రివా-రోచి అనే వైద్యుడు జబ్బకు గాలిపట్టీ చుట్టి, పాదరసపు గొట్టంతో పై అంకెను చదివే పద్ధతి చూపాడు. 1905లో రష్యా వైద్యుడు నికొలాయ్ కొరొట్కోవ్ ఆ పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి వింటే కింది అంకె కూడా తెలుస్తుందని చెప్పాడు. ఆయన నివేదిక ఒక్క పేజీకి మించదు. గత శతాబ్దమంతా ఆసుపత్రి బల్ల మీద కనిపించిన పాదరసపు పెట్టె ఆ రెండు ఊహల కలయికే. ఆ నాటికి హిందూపురం మీదుగా రైలు నడుస్తోంది, బెంగళూరులో విక్టోరియా ఆసుపత్రి తెరుచుకుంది. పెద్ద వైద్యం కావాలంటే బెంగళూరు రైలెక్కడమన్న అలవాటు ఈ ఊళ్ళలో ఇప్పటికీ పోలేదు.

కొలత వచ్చింది గానీ మందు రాలేదు. 1940ల దాకా, సన్నబడిన నాళాల్లో రక్తం నడవాలంటే ఆ పోటు అవసరమేనని, దాన్ని తగ్గించడం ప్రమాదమని పెద్దపెద్ద వైద్యులే నమ్మారు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయిన రోజు ఆయన పై అంకె 300 దాటింది. దేశాధినేతకే ఆనాడు ఇవ్వగల మందు లేదు. దాదాపు ఆ రోజుల్లోనే అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ కెంప్నర్ అనే వైద్యుడు వరి అన్నం, పళ్ళు మాత్రమే పెట్టి రక్తపోటు తగ్గించి చూపాడు. ఆ పథ్యంలో పనిచేసినది అన్నం కన్నా ఉప్పు లేకపోవడమే. అప్పుడు అనంతపురం పల్లెల్లో వరి అన్నం పండుగకు వండుకునే తిండి. రోజూ తినేది రాగిసంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం.

రక్తపోటుకు ప్రపంచం ఒప్పుకున్న తొలి మందుల్లో ఒకటి భారతదేశం నుంచే వెళ్ళింది. సర్పగంధి, తెలుగులో పాతాళగంధి అని కూడా అనే మొక్క వేరును పిచ్చికీ నిద్రలేమికీ పాముకాటుకూ నాటువైద్యులు వాడేవారు. అది తేమ అడవుల మొక్క, అనంతపురం బోడికొండల్లో పెరిగేది కాదు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ ఆ వేరు రక్తపోటును కూడా తగ్గిస్తుందని ప్రకటించారు. 1949లో బొంబాయి గుండె వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 50 మంది రోగుల మీద చేసిన పరీక్ష ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో అచ్చువేశాడు. మూడేళ్ళకు స్విట్జర్లాండులోని సీబా సంస్థ శాస్త్రజ్ఞులు ఆ వేరులోంచి రిసర్పిన్ అనే సారాన్ని వేరుచేశారు. వకీల్‌కు 1957లో అమెరికా వారి లాస్కర్ పురస్కారం దక్కింది. రిసర్పిన్ నెమ్మది మందు, చవక మందు. మనసును కుంగదీస్తుందన్న పేరు వచ్చాక వెనకబడింది.

తలతిప్పుడి చరిత్రకు అసలు ఘట్టం దాదాపు ఆ రోజుల్లోనే నడిచింది. 1948లో ఇంగ్లండులో పేటన్, జైమిస్ అనే ఇద్దరు హెక్సామిథోనియం అనే మందు గుణాన్ని బయటపెట్టారు. నాళాలను బిగించే నరాల కూడళ్ళనే అది మూసేస్తుంది. రక్తపోటు మీద దాని పట్టు మనిషి నిలబడినప్పుడే ఎక్కువ. పడుకుంటే అంతంతమాత్రం, లేచి నిలబడితే అంకె జారిపోయేది. మందు పనిచేసేదీ, బాధపెట్టేదీ ఆ ఒక్క దారిలోనే కాబట్టి వైద్యులకు నిలబెట్టి కొలవక తప్పలేదు. న్యూజీలాండులో హొరేస్ స్మర్క్ అనే వైద్యుడు ప్రతి రోగికీ మందు మోతాదును నిలబడినప్పటి అంకె చూసే నిర్ణయించేవాడు. 1960 ప్రాంతంలో వచ్చిన గ్వానెథిడిన్ కూడా ఆ కోవదే. ఆ మందు గురించి వైద్య పాఠ్యపుస్తకాలు ఇచ్చిన హెచ్చరిక ఈ సీమ కోసమే రాసినట్టుంటుంది: పతనం ఉదయం లేవగానే ఎక్కువ, ఎండాకాలంలో ఎక్కువ, ఒళ్ళువంచి పనిచేశాక ఎక్కువ. మంచం మీంచి దిగే ముందు కాళ్ళు వేలాడేసి కాసేపు కూర్చోవాలన్న సలహా ఆ మందులు వాడినవారికి తప్పనిసరిగా చెప్పేవారు. అంటే ఉదయపు పతనాన్ని వైద్యం అరవై ఏళ్ళ క్రితమే బాగా ఎరుగును, దాన్ని పట్టే పద్ధతి కూడా చేతిలో ఉంది.

ఆ పద్ధతి చేజారడానికి కారణం మంచి మందులు రావడమే. 1958లో క్లోరోథయజైడ్ అనే మూత్రవర్ధకం వచ్చింది. తర్వాత మిథైల్‌డోపా, 1964లో ప్రొప్రనొలాల్, 1981లో కాప్టోప్రిల్, 1990లలో ఆమ్లోడిపిన్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ వచ్చాయి. ఒక్కొక్కటీ ముందుదాని కన్నా మెతకది. నడివయసు మనిషికి ఒక్క బిళ్ళ ఇస్తే పడుకున్నా నిలబడినా అంకె ఇంచుమించు ఒకటే. కుర్చీలో కూర్చోబెట్టి ఒకసారి పట్టీ బిగించి చూస్తే సరిపోతుందనే నమ్మకం అలా బలపడింది. నిలబెట్టి కొలవడం పాఠ్యపుస్తకంలో మిగిలింది, రోజువారీ ఓపీలో మాయమైంది. అయితే ఈ మెతక మందులు మనుషులను ఇంకా ఎక్కువ కాలం బతికించాయి. బతికినవారు ముసలివారయ్యారు, షుగరు తోడైంది, ఒక్క బిళ్ళ మూడయింది, నాలుగయింది. విడివిడిగా మెతకవైన మందులు ఒకే ఒంట్లో కలిసి పాత గ్వానెథిడిన్ చేసిన పనినే చేయసాగాయి. అప్పటికి నిలబెట్టి చూసే చెయ్యి అలవాటు తప్పింది.

బిళ్ళలు ఇంత చవకగా పల్లెలకు చేరడం వెనక తెలుగునాటి పరిశ్రమ కథ ఉంది. మందులోని పదార్థం మీద కాక తయారీ పద్ధతి మీదే హక్కు ఇచ్చే పేటెంట్ చట్టం 1970లో వచ్చింది. విదేశీ మందును మరో పద్ధతిలో తయారుచేసుకునే వీలు దానితో కలిగింది. హైదరాబాదులోని ప్రభుత్వరంగ ఐడీపీఎల్ కర్మాగారం ఎందరో రసాయన నిపుణులకు బడి అయింది. అందులో పనిచేసి బయటికి వచ్చిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించాడు. ఆ సంస్థ తొలి ఉత్పత్తుల్లో మిథైల్‌డోపా ఒకటి. తర్వాతి రెండు దశాబ్దాల్లో హైదరాబాదు చుట్టుపక్కల వెలిసిన కంపెనీలు రక్తపోటు మందులను కూలివాడు కొనగల ధరకు దించాయి. మందు దొరకక చనిపోయిన తరం ఈ దేశంలో ఒకటుంది కాబట్టి ఈ మేలును తక్కువగా చూడకూడదు.

మధుమేహం సంగతి వేరు. దాన్ని భారతీయ వైద్యం చాలా ముందుగా గుర్తించింది. మూత్రానికి చీమలు పట్టడాన్ని బట్టి పాత వైద్యులు దానికి మధుమేహమని పేరు పెట్టారు. అయినా పొలంపని చేసి సంగటి తినే ఈ సీమలో అది మొన్నమొన్నటిదాకా కలిగినవారి జబ్బుగానే పేరుపడింది. తిండి మారిన తీరులో ఒక పెద్ద మలుపు 1983. ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆ ఏడాది కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. ఆయన 1985, 1989, 1994 ఎన్నికల్లో హిందూపురం నుంచే శాసనసభకు గెలిచాడు. కరువు సీమలో ఆ బియ్యం ఆకలి తీర్చింది, పండుగ తిండిని రోజు తిండి చేసింది. కొర్ర, అరిక, సజ్జ పొలాల్లో వేరుశనగ అంతకు ముందునుంచే పాకుతూ వచ్చింది. షుగరు పెరగడానికి బియ్యం ఒక్కటే కారణమనడం తప్పు. నడక తగ్గింది, ఆయుష్షు పెరిగింది, కూర్చుని చేసే పనులు పెరిగాయి. ధర్మవరం నేతగాడైతే తరతరాలుగా కూర్చునే పనిచేస్తున్నాడు. అన్నీ కలిసి పట్టణాల జబ్బును పల్లె జబ్బు చేశాయి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, పెద్దవారిలో 35.5 శాతానికి అధిక రక్తపోటు ఉందని లెక్కగట్టింది.

మధుమేహం ఈ కథలోకి మందుల ద్వారానే రాదు, నరాల ద్వారా కూడా వస్తుంది. మనిషి లేచి నిలబడగానే అరలీటరు పైగా రక్తం కాళ్ళలోకీ పొట్టలోకీ దిగుతుంది. మామూలుగా మెడలోని గ్రాహకాలు రెప్పపాటులో ఆ సంగతి పసిగట్టి, నరాల ద్వారా నాళాలను బిగించి, గుండెను వేగం చేస్తాయి. ఏళ్ళ తరబడి చక్కెర అదుపులో లేకపోతే ఈ నరాలు మొద్దుబారతాయి. 1925లో అమెరికాలో బ్రాడ్‌బరీ, ఎగిల్‌స్టన్ అనే వైద్యులు నిలబడితే రక్తపోటు పడిపోయే ముగ్గురు రోగుల గురించి రాశారు. ఆ రోగులకు చెమట పట్టదు, రాత్రి మూత్రం ఎక్కువ పోతుంది, ఎండాకాలం బాధ ఎక్కువ. ఆ ముగ్గురికీ ఉన్నది మధుమేహం కాకపోయినా నరాలు దెబ్బతిన్న షుగరు రోగి వర్ణన కూడా ఇంచుమించు అదే. 1945లో రండిల్స్ అనే వైద్యుడు మధుమేహ నరాల జబ్బు మీద రాసిన పెద్ద పరిశీలనలో ఈ నిలువు పతనం చోటుచేసుకుంది.

బ్రాడ్‌బరీ, ఎగిల్‌స్టన్ గమనించిన రాత్రి మూత్రమే తెల్లవారి పతనానికి తాళంచెవి. నరాలు చెడినవారిలో పగలు నిలబడినప్పుడు తగ్గే రక్తపోటు రాత్రి పడుకున్నప్పుడు పెరుగుతుంది. పెరిగిన పోటుకు మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ ఎక్కువగా తోసేస్తాయి. రాత్రి మూడు నాలుగు సార్లు లేచిన మనిషి తెల్లవారేసరికి ఒంట్లో నీరు తగ్గి ఉంటాడు. రోజు మొత్తంలో నిలబడడానికి అతి కష్టమైన ఘడియ అదే. నీరు గుంజే మూత్రవర్ధకం, ప్రొస్టేటు వాపుకు రాత్రి వేసుకునే టామ్సులోసిన్ లాంటి బిళ్ళ దీన్ని పెంచుతాయి. మూత్రంలోకి చక్కెరను వదిలించే డాపాగ్లిఫ్లోజిన్ రకం షుగరు మందులు నీటిని కూడా వెంట తీసుకుపోతాయి. 2020లో డాపాగ్లిఫ్లోజిన్ మూల పేటెంటు ముగిశాక ఆ బిళ్ళ చవకై చిన్న ఊళ్ళ మందుల షాపుల దాకా వచ్చింది. గుండెకూ మూత్రపిండాలకూ మేలుచేసే మందే గానీ, పాత రక్తపోటు మోతాదులను సరిచూడకుండా దాన్ని చేరిస్తే కొందరిలో అంకె మరీ దిగుతుంది. మెట్‌ఫార్మిన్ మాత్రం రక్తపోటును చెప్పుకోదగ్గంతగా దించదు, దాన్ని నిందించడం పొరపాటు. గ్లిమిపిరైడ్ వాడేవారికి ఇంకో చిక్కుంది. రాత్రి తక్కువ తిని పడుకుంటే తెల్లవారుజామున చక్కెరే పడిపోవచ్చు. చక్కెర పడినా రక్తపోటు పడినా కళ్ళు తిరుగుతాయి. బీపీ పట్టీ, చక్కెర చూసే మీటరు రెండూ పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.

ఈ ఊళ్ళ జీవనం కూడా ఇందులో పాలుపంచుకుంటుంది. గుంతమగ్గంలో కాళ్ళు కిందికి వేసి గంటల తరబడి కూర్చున్న నేతగాడు లేచేటప్పుడు రక్తం అప్పటికే కాళ్ళలో చేరి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో చెమటతో పోయిన నీరు తిరిగి చేరకుండానే రాత్రి గడుస్తుంది. పెనుకొండ, హిందూపురం ముస్లిం ఇళ్ళలో రంజాన్ నెలలో సహరీ వేళకు మందులన్నీ ఒకేసారి మింగి, మళ్ళీ ఇఫ్తార్ దాకా నీళ్ళు తాగకుండా ఉంటారు. మోతాదులనూ వేళలనూ రంజాన్‌కు ముందే డాక్టరుతో మార్పించుకోవాల్సిన అవసరం అందుకే ఉంది. 2019 నుంచి పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం నడుస్తోంది. రాత్రి షిఫ్టులు చేసేవారికి ‘ఉదయం బిళ్ళ’ అన్న మాటకే అర్థం మారిపోయింది.

చికిత్స ఇంటిగడప దాకా రావడం గత ఇరవై ఏళ్ళ పరిణామం. పెద్ద ఆసుపత్రులు అంతకు ముందే వచ్చాయి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ధర్మవరం దగ్గరి బత్తలపల్లిలో పెద్ద ఆసుపత్రి నడుపుతోంది. 1991 నవంబరులో పుట్టపర్తిలో సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి మొదలైంది. 2000లో అనంతపురానికి ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చింది. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న తొలి విడతగా మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. కానీ ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆపరేషన్లకూ ఆసుపత్రి చికిత్సకూ ఉద్దేశించినది. రోజువారీ బీపీ, షుగరు బిళ్ళలను పల్లెకు మోసినది 104 బండి. 2008 ప్రాంతంలో మొదలైన ఆ సంచార వైద్యశాల నెలకోసారి ఊరి మధ్య ఆగి, వరుసలో నిలబడినవారికి రక్తపోటు చూసి నెలకు సరిపడా బిళ్ళలిచ్చేది. 2010లో కేంద్రం అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమం తెచ్చింది. 2023 ఏప్రిల్ 6న ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం పూర్తిస్థాయిలో మొదలై, ప్రాథమిక ఆరోగ్యకేంద్రం డాక్టరు పల్లెకు వచ్చే ఏర్పాటు చేసింది. ఈ మెట్లన్నిటిలోనూ కొలత మాత్రం ఒకే తీరున సాగింది: పగటిపూట, కూర్చోబెట్టి, ఒకసారి. తెల్లవారుజామున మంచం పక్కన జరిగేది ఆ కొలతకు అందదు. పైగా రోగి నడిచి వచ్చిన అలసటకూ తెల్లకోటు బెదురుకూ అంకె పెరిగితే, ఇంట్లో పడిపోతున్న మనిషికే మోతాదు పెంచే ప్రమాదముంది.

రక్తపోటును ఎంతదాకా దించాలన్న దానిపై శాస్త్రం కూడా అటూఇటూ ఊగింది. 1998లో బ్రిటన్ యూకేపీడీఎస్ పరిశోధన 1,148 మంది మధుమేహ రోగులను చూసి గట్టిగా అదుపు చేస్తే పక్షవాతం, మధుమేహ మరణాలు తగ్గుతాయని తేల్చింది. 2010లో అమెరికా అకార్డ్ పరిశోధన 4,733 మందిలో ఒక జట్టుకు పై అంకెను 120 లోపుకు దించి చూసింది. గుండె జబ్బులు, పక్షవాతం, గుండె మరణాలను కలిపి చూస్తే పెద్ద లాభం కనబడలేదు, మందుల వల్ల తీవ్రమైన ఇబ్బందులు 1.3 నుంచి 3.3 శాతానికి పెరిగాయి. 2024లో చైనాలో జరిగిన బీప్రోడ్ పరిశోధన 120 లోపే మేలని చెప్పింది, రక్తపోటు మరీ పడిపోవడం అంతగా దించిన జట్టులో ఎక్కువని కూడా నమోదు చేసింది. బిళ్ళ పొద్దున వేసుకోవాలా రాత్రా అన్న తగవును 2022లో బ్రిటన్ టైమ్ పరిశోధన చాలావరకు తీర్చింది. 21,104 మందిని అయిదేళ్ళకు పైగా చూసి, గుండెపోటు, పక్షవాతాల విషయంలో రెంటికీ తేడా లేదంది. కాబట్టి ఉదయం తల తిప్పే మనిషికి అతని ఒంటిని బట్టి వేళ మార్చే స్వేచ్ఛ వైద్యుడికి ఉంది.

పతనాన్ని పట్టే పద్ధతి స్మర్క్ నాటి నుంచి మారలేదు, పరికరమే మారింది. పాదరసపు పెట్టె స్థానంలో ఇంట్లో వాడుకునే బ్యాటరీ పరికరం వచ్చింది. నిద్ర లేచాక మంచం మీదే, బిళ్ళ మింగకముందే ఒకసారి కొలవాలి. తర్వాత లేచి నిలబడి ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో కొలవాలి. పక్కన ఇంకొకరు ఉండాలి. వారం పది రోజుల అంకెలు, ఆ రోజు వేసుకున్న మందులు, చక్కెర లెక్క ఒక నోటుపుస్తకంలో రాస్తే, ఏ బిళ్ళ తగ్గించాలో ఏది వేళ మార్చాలో డాక్టరుకు దారి దొరుకుతుంది. తల తిప్పిందని బిళ్ళలన్నీ ఒక్కసారే మానేయడం ఈ సీమలో తరచు జరిగే పొరపాటు. కొన్నిటిని హఠాత్తుగా మానితే పోటు ఎగదన్ని పక్షవాతానికి దారి తీస్తుంది.

మందు లేని ఉపాయాలు కూడా పాతవే. 1940లో మెక్లీన్, ఆలెన్ అనే అమెరికా వైద్యులు మంచం తలవైపు ఎత్తుగా ఉంచి పడుకోబెడితే ఉదయపు పతనం తగ్గుతుందని రాశారు. తల ఎత్తులో ఉంటే రాత్రి మూత్రపిండాలు అంతగా నీరు వదలవు. తలగడలు పేర్చితే మెడ మాత్రమే వంగుతుంది, ఒళ్ళంతా ఏటవాలుగా ఉండాలంటే తలవైపు మంచంకోళ్ళ కింద ఇటుకలు పెట్టాలి. 2000లో యెన్స్ జోర్డన్ బృందం అరలీటరు నీళ్ళు గబగబా తాగితే నరాలు చెడినవారిలో రక్తపోటు గంటసేపు బాగా పెరుగుతుందని చూపింది. గుండె, మూత్రపిండాలు బలహీనపడి నీళ్ళ మీద కట్టడి ఉన్నవారు డాక్టరును అడిగే ఆ పని చేయాలి. మిగతావారు రాత్రి చెంబు నిండా నీళ్ళు తలాపున పెట్టుకుని, తెల్లవారి ఆ నీళ్ళు తాగి, పిక్కలు నాలుగుసార్లు బిగించి వదిలి, కాళ్ళు వేలాడేసి రెండు నిమిషాలు కూర్చున్నాక దిగవచ్చు.